దాదరు గుడీ, మా చాల్ వరండా

దాదరు పడమటి వైపు బస్సెక్కితే, గోఖలే రోడ్డు మీద ఒకచోట కండక్టరు "పోర్చుగీస్ చర్చి" అని కేకవేస్తాడు. దిగేవారిలో పోర్చుగీసువాడు ఒక్కడైనా ఉండడు. పూలు కొనుక్కుని వచ్చేవాళ్ళు, బడిపిల్లలు, ఆఫీసుల వాళ్ళు, అందరూ మనవాళ్ళే. ఆ గుడి అసలు పేరు రక్షణమాత దేవాలయం. 1596లో ఫ్రాన్సిస్కను సన్యాసులు ఇక్కడ మొదటి గుడి కట్టారు. అప్పటికి బొంబాయి పోర్చుగీసు వారి ఏలుబడిలో ఉన్నది. 1661 నాటి పెళ్ళి ఒప్పందంలో దానిని ఇంగ్లీషు రాజుకు కట్నంగా ఇచ్చారు. పోర్చుగీసు వారు పోయారు, ఇంగ్లీషు వారూ పోయారు. బస్సు స్టాపుకు మాత్రం పాత పేరు నిలిచిపోయింది.

"మీరు కతోలికులా?" అని చదువరులు అడగవచ్చు. కాము. మాది పద్మశాలీల ఇల్లు. మా నాన్న మిల్లులో మగ్గం మీద పనిచేశాడు. అయినా ఆ గుడి సంగతి చెప్పుకునే హక్కు మాకు కొంత ఉన్నదనుకుంటాము. ఎందుకంటే నాయ్‌గావ్ బి.డి.డి. చాల్‌లో మా గదికి ఆనుకుని ఉన్న గది ఒక తెలుగు కతోలిక కుటుంబానిది. ఆ ఇంటాయన మాకు మామ, ఆ ఇల్లాలు మాకు అత్తమ్మ. చుట్టరికం ఏమీ లేదు, గోడ ఒకటే చుట్టరికం. క్రిస్మసుకు వాళ్ళ కారప్పూస మా ఇంటికి వచ్చేది. బతుకమ్మ నాడు మా సత్తుపిండి వాళ్ళ ఇంటికి పోయేది. పరీక్షలు దగ్గరపడితే మేము అత్తమ్మ కొంగు పట్టుకుని తిలక్ వంతెన దాటి ఆ గుడికి పోయి కొవ్వొత్తి వెలిగించి వచ్చేవాళ్ళం. మార్కులు కొవ్వొత్తికి తగినట్టే వచ్చేవి.

మామ మెదకు వైపువాడు. తాపీ మేస్త్రీ. ఆయన తాతలు మొదట కామాఠీపురలో దిగారట. ఆ పేటకు ఆ పేరు రావడమే మన కూలీల మూలంగా. పద్దెనిమిదో శతాబ్దం చివరి నుంచి నిజాం ఇలాకాలోని తెలుగు పల్లెలు విడిచి వచ్చి, ఈ ఊరి రోడ్లకూ భవనాలకూ రాళ్ళు మోసిన కామాఠీలు అక్కడ కాపురం పెట్టారు. "బొంబాయి గోడలల్ల మన చెమట లేని గోడ సూపియ్యి బిడ్డా" అనేవాడు మామ. ఆ గోడల లోపల కూర్చునే యోగం మాత్రం మోసినవాళ్ళకు తక్కువ. పని అయిపోగానే పరంజాతో పాటు మేస్త్రీని కూడా దింపేస్తారు గదా!

గుడి అంటే మామ దృష్టిలో మెదకు గుడి ఒక్కటే. అది కతోలికులది కాదు, అప్పట్లో మెథడిస్టుల మిషనుది. అయినా ఆయనకు ఆ భేదం పట్టేది కాదు. పాస్నెట్ దొర పూనికతో 1914లో పని మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగింది. నూటడెబ్బై అయిదు అడుగుల గంట గోపురం. కరువు రోజుల్లో పని చూపి, కూడు పెట్టి కట్టించిన గుడి అని ఆ ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. "ఆకలైనోని పొట్ట నింపుకుంట లేచిన గోపురం" అని మామ మురిసిపోయేవాడు.

ఇలాంటి మనిషి ఉన్న ఇంట్లో, దాదరు గుడి పాత కట్టడం తీసివేసి కొత్తది కడతారన్న వార్త పడింది. 1974 నాటి మాట. ఆ రోజు అత్తమ్మ పొయ్యి రాజేయలేదు. పెళ్ళి కొత్తలో వాళ్ళ కాపురం ప్రభాదేవి వైపు. నాయ్‌గావ్‌కు మారినా గుడి మాత్రం మారలేదు. ఆమె పెళ్ళి, పిల్లల జ్ఞానస్నానాలు అన్నీ అక్కడే. కిటికీ పక్కన మూడో బల్ల ఆమెది. ఎవరూ రాసివ్వలేదు, అయినా ఆమెదే. "దేవుని ఇల్లు కూలగొడ్తరా? గట్లెట్ల మనసొప్పుతది?" అని మా అమ్మ దగ్గర కూర్చుని కళ్ళు తుడుచుకునేది.

మార్చవలసిన అవసరం లేకపోలేదు. 1962 నుంచి 1965 దాకా రోములో జరిగిన వాటికన్ మహాసభ కతోలికుల పూజావిధానాన్నే మార్చింది. అంతకు మునుపు గురువులు పీఠం వైపు తిరిగి, జనానికి వీపు చూపి, లాటిన్‌లో పూజ చేసేవారు. ఆ తరువాత జనం వైపు తిరిగారు, జనం భాషలోకి వచ్చారు. ఆ మార్పు జరుగుతున్న రోజుల్లోనే, 1964 డిసెంబరులో, ఆరవ పౌలు పోపుగారు బొంబాయి వచ్చారు. ఈ దేశంలో అడుగుపెట్టిన మొదటి పోపు ఆయనే. పూజ మారితే పూజ చేసే హాలు కూడా మారక తప్పదు. దూరాన ఉన్న పీఠాన్ని వరుసలు కట్టి చూసే పొడుగు సాల ఒకటి. చుట్టూ చేరి పాలుపంచుకునే చోటు ఇంకొకటి. కాని ఈ వివరమంతా ఎవరు చెప్పినా అత్తమ్మ చెవికి ఎక్కలేదు. ఆమెకు కావలసింది మూడో బల్ల.

కొత్త గుడికి నమూనా వేసినవారు చార్లెస్ కొరియాగారు. సబర్మతిలో గాంధీ స్మారక సంగ్రహాలయం, హైదరాబాదులో ఇ.సి.ఐ.ఎల్. కార్యాలయం ఆయన కట్టించినవే. గోవా మూలాలవారైనా పుట్టింది సికింద్రాబాదులో, 1930లో. ఈ సంగతి తెలిసిన రోజు మామ మీసం దువ్వాడు. "సికింద్రాబాదుల పుట్టినోడు మనోడు గాక ఇంకెవడు?" అన్నాడు. నమూనా మీద నమ్మకం కుదిరి కాదు, ఊరి మీద ప్రేమ కొద్దీ.

పని నడిచినన్నాళ్ళూ ఆదివారం నాడు మామ మమ్మల్ని వెంటబెట్టుకుని పోయి కంచె బయట నిలబడేవాడు. ఆయనకు అక్కడ పని దొరకలేదు. కాని చూపును ఎవరు ఆపగలరు? చదునైన శ్లాబులు పోసిన చేయి గదా, వంపు తిరిగిన కాంక్రీటు పెంకులు పైకి లేస్తుంటే ఆశ్చర్యపోయాడు. "సెంట్రింగు చెక్క ఇట్ల వంచాల్నంటే వడ్రంగి సచ్చి బతకాలె" అనేవాడు. ఒకనాడు కోడిగుడ్డు డొల్ల చేతిలో పెట్టి మాకు పాఠం చెప్పాడు. డొల్ల పలచనే, అయినా నిలువునా నొక్కితే ఒక పట్టాన పగలదు. వంపు తన బరువును తానే అంచులకు దించుకుంటుంది. చదును శ్లాబుకు ఆ నేర్పు లేదు, దానికి మందం కావాలి, ఇనుము కావాలి. ఆ తరువాత బడిలో మేము చదివిన లెక్కలేవీ అంత బాగా గుర్తులేవు.

1977కు గుడి పూర్తయింది. మేమంతా చూడబోయాము. గంట గోపురం కోసం వెతుక్కున్నాము. దాని బదులు కొలిమి గొట్టాల వలె పెద్ద పెంకులు ఆకాశం వైపు లేచి ఉన్నాయి. "గిది గుడా, కారఖానానా?" అన్నాడు మామ. లోపల ఒక్కటే పెద్ద సాల కాదు. ఒకదానిలోకి ఒకటి తెరుచుకునే చోట్లు, కొన్నిటికి కప్పు ఉన్నది, కొన్నిటికి లేదు. కప్పు లేని చోట ముంగిలి, పైన ఆకాశం. పెంకు నెత్తిన ఉన్న దారిలో వెలుతురు దిగుతుంది, వేడిగాలి పైకి పోతుంది. బొంబాయి ఉక్కలో నిలువుగా కట్టిన విసనకర్ర అన్నమాట. అత్తమ్మ మాత్రం అటూ ఇటూ తిరిగి, చివరకు ఒకచోట నిలబడి, "నా మూడో బల్ల ఏడ పోయింది?" అన్నది. మాలో ఎవరికీ జవాబు రాలేదు.

అయిదేళ్ళ తరువాత జవాబు వచ్చింది, రాకూడని రోజున వచ్చింది. 1982 జనవరిలో దత్తా సామంత్‌గారి నాయకత్వాన మిల్లు సమ్మె మొదలైంది. రెండున్నర లక్షల మంది దాకా పని మానివేశారు. మా నాన్న వారిలో ఒకడు. ఆ ఏడాదే మామ పోయాడు. జ్వరం అన్నారు, ఆపైన ఏమీ చేయలేకపోయారు. మిల్లులు మూతపడి చేతికి పనిలేని రోజులు గనుక, మా చాల్ మగవాళ్ళు చాలామంది వెంట నడిచారు. తెలుగువాళ్ళు, మరాఠీవాళ్ళు, అందరూ. జేబులో పైసా లేకపోయినా, ఇంటింటా తలా ఇంత పోగుచేసి పెట్టెకు, పూలకు సర్దారు.

గుడి దగ్గరకు వచ్చేసరికి అందరికీ ఒకటే సంకోచం. లోపలికి పోవచ్చునా, చెప్పులు ఎక్కడ విప్పాలి, ఎప్పుడు లేవాలి, ఎప్పుడు కూర్చోవాలి? పాత గుడిలో అయితే అందరమూ గేటు దగ్గరే ఆగిపోయేవాళ్ళం. ఇక్కడ గేటు దాటితే ముంగిలి ఉన్నది. ముంగిలి ఎవరినీ "నీవెవరు?" అని అడగలేదు. అక్కడ నిలబడితే పూజ వినపడుతున్నది, పీఠం కనపడుతున్నది. లోపల ఉన్నట్టూ ఉన్నది, బయట ఉన్నట్టూ ఉన్నది. మా నాన్న తలపాగా తీసి చేత పట్టుకున్నాడు. మామ ఏ కప్పు కింద నిలబడి పనిచేసినా పని అయ్యాక బయటికే వచ్చాడు. ఆ రోజు మాత్రం లోపల ఉన్నాడు, ఆయనవాళ్ళందరూ కంటి దూరంలో ఉన్నారు.

నలభై రోజులు పోయాక అత్తమ్మ మా గడపలో కూర్చుని అన్నది: "మూడో బల్ల పోతే పోయింది. గా బల్ల మీద నేనొక్కదాన్నే కూసుంటుంటి. మొన్న మీరందరూ కండ్లకు కనవడ్డరు." ఆ తరువాత ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

ఈ పాత సంగతి ఇప్పుడెందుకు రాస్తున్నామంటే, మా చాల్ వంతు వచ్చింది. 1920ల్లో సర్కారు కట్టించిన ఇళ్ళు ఇవి. అంతస్తుకు ఇరవై, చాల్‌కు ఎనభై గదులు. గది 160 చదరపు అడుగులు. వీటిని తీసి ఎత్తయిన భవనాలు కట్టడానికి 2017లో భూమిపూజ జరిగింది. వర్లీలో 2025 ఆగస్టులో మొదటి 556 కుటుంబాలకు కొత్త ఇంటి తాళాలు ఇచ్చారు. ఇల్లు 500 చదరపు అడుగులు, లోపలే మరుగుదొడ్డి. అర్ధరాత్రి బకెట్టు పట్టుకుని వరండా చివరిదాకా నడిచిన ముసలివాళ్ళను అడగండి, అది ఎంత భాగ్యమో చెబుతారు. పాతది పోతున్నదని ఏడ్చేవాళ్ళం కాము.

కాని మొన్న మా చాల్‌లో కొత్త ఇంటి గురించి మాటలు సాగినప్పుడు అందరూ లోపలి సంగతులే అడిగారు. గచ్చు ఎలాంటిది, కిటికీ ఎటు, లిఫ్టులు ఎన్ని? మేము లేచి ఒక్క మాట అడిగాము: "పెళ్ళి అయితేనో, చావు అయితేనో, నలుగురూ పిలవకుండా వచ్చి నిలబడే చోటు ఎక్కడ?" కుర్రవాళ్ళు నవ్వారు. "హాలు ఉంటుంది కాకా, బుక్ చేసుకోవాలి" అన్నారు. బుక్ చేసుకున్న హాలుకు పిలిచినవాళ్ళు వస్తారు. మా వరండాకు పిలవనివాళ్ళు కూడా వచ్చేవారు. మా అమ్మ పురుళ్ళకు, మామ చావుకు, సమ్మె రోజుల్లో అరసేరు బియ్యం గిన్నెతో, అందరూ పిలవకుండానే వచ్చారు.

ఎత్తు కట్టండి, గట్టిగా కట్టండి. గుడి అయినా, మసీదు అయినా, మన తెలుగు సంఘాల హాలు అయినా, కాపురముండే ఇల్లు అయినా, కట్టేవారికి మా మనవి ఒకటే. లోపలికీ బయటికీ నడుమ కాస్త ముంగిలి మిగల్చండి. అందులో మూడో బల్ల ఎవరిదీ కాదు, అందుకే అందరిదీ.