ఆదిలాబాద్‌కు పది నిమిషాలేనా?

ఆసిఫాబాద్‌లో కారు కిరాయికి నడుపుతాను. ఈమధ్య కిరాయి మాట్లాడేవాళ్లు ముందు ఫోన్ తీసి చూపిస్తున్నారు. "అన్నా, ఆదిలాబాద్ ఎనభై ఐదు కిలోమీటర్లే అంటుంది గదా! ఫ్లైట్ల పోతె పది నిమిషాలంట. నువ్వు మూడు గంటలంటవేంది?"

ఆ ఎనభై ఐదు అబద్ధం కాదు. పటం మీద రెండు ఊళ్లకు నడుమ స్కేలు పెట్టి గీసిన గీత అది. ఆ గీత మీద ఎగిరే విమానమే లేదు. మేం పోయేది కెరమెరి ఘాట్ ఎక్కి జైనూర్, ఉట్నూర్, ఇంద్రవెల్లి, గుడిహత్నూర్ మీదుగా. దగ్గరదగ్గర 120 కిలోమీటర్లు. ఘాట్‌లో మలుపు మలుపుకూ హారన్ కొట్టాలి, ఎదురు లారీ వస్తే ఆగి దారివ్వాలి. పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర రోజులైతే ఇంకో గంట కలుపుకోవాల్సిందే.

రైలూ అక్కరకు రాదు. మన ఆసిఫాబాద్ రోడ్ స్టేషన్ కాజీపేట–బల్లార్షా లైన్‌లో ఉంది. ఆదిలాబాదేమో మహారాష్ట్రలోని ముద్‌ఖేడ్ నుంచి వచ్చే వేరే లైన్‌లో ఉంది. ఒకప్పుడు ఒకే జిల్లాగా ఉన్న ఈ రెండు ఊళ్లనూ నేరుగా కలిపే పట్టాలు లేవు.

లెక్క తప్పితే ఎక్కువ నష్టపోయేది గల్ఫ్‌కు పోయే పిల్లలు. హైదరాబాద్ నుంచి దుబాయ్‌కి గాలిలో నాలుగు గంటలు. ఆసిఫాబాద్ నుంచి శంషాబాద్ విమానాశ్రయానికి మంచిర్యాల, కరీంనగర్ మీదుగా ఆరేడు గంటలు. శామీర్‌పేట దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేదాకా నాకు నెమ్మది ఉండదు. దేశం దాటే విమానానికి మూడు గంటల ముందే చేరాలి, గంట ముందే కౌంటర్ మూసేస్తారు. అప్పు తెచ్చి వీసా కొన్న పిల్లగాడికి ఆ గంట ఎంత విలువైందో నాకు తెలుసు. అందుకే టికెట్ చూసి వెనక్కి లెక్కేస్తాను. రాత్రి పదింటి ఫ్లైట్ అంటే పొద్దున పదింటికే బండి వాకిట్లో పెడతాను. ఇంటి ముందు తల్లి బొట్టు పెట్టి, చుట్టాలంతా పట్టుకొని ఏడ్చే సమయాన్ని కూడా అందులో కలుపుతాను. ఆ ఏడుపును తొందరపెట్టడం నాకు ఇష్టముండదు.

దేశం లోపల ఎక్కడికైనా పోయేవాళ్లకు నాగ్‌పూర్ చెబుతాను. వాంకిడి, రాజురా, చంద్రపూర్ దారి శంషాబాద్ కన్నా చాలా తక్కువ దూరం.

ఆదిలాబాద్‌లో నిజాం కాలపు విమానాల మైదానం ఉంది. అక్కడ పౌర విమానాలు నడపడానికి 2025లో వాయుసేన అనుమతి వచ్చింది. మనస్ఫూర్తిగా సంతోషించాను. అయితే అక్కడ విమానం దిగినా మా ఊరికి ఘాట్ దాటే రావాలి. రాత్రిపూట కూడా భయం లేకుండా పోయేలా ఆ ఘాట్ రోడ్డును బాగుచేసే పని రన్‌వేతో పాటే మొదలుపెట్టాలి. అంతవరకు ఆసిఫాబాద్ వాళ్లకు నాగ్‌పూరే నయం.