ఎవరి సమ్మతి?

మొన్న కరీంనగరమున మా పొరుగింటి కోడలు నా వంటయింటి గడపకడ కూర్చుండి కన్నీరు పెట్టుకొనెను. ఆమె యిద్దరాడుపిల్లల తల్లి. మరల నెల తప్పినది. “అక్కా, కడుపుల ఆడపిల్ల ఉంటే తీయించాలని అత్తమ్మ పట్టుబట్టింది. నన్నెవ్వరూ అడుగలేదు” అనెను.

ఆ రాత్రి మా వారు తెచ్చిన చట్టగ్రంథమును చదివితిని. 1860 నాటి శిక్షాస్మృతి తల్లి ప్రాణరక్షణకు దప్ప గర్భస్రావమును నేరముగా నెంచెను. 1971 నాటి చట్టము వైద్యుల యభిప్రాయముపై, నియమిత కాలములో, దానికి దారి చూపెను. వయస్సు వచ్చిన స్త్రీ సమ్మతి లేనిదే యది జరుగరాదు. భర్త సమ్మతి యక్కఱలేదు. 1994 నాటి చట్టము గర్భస్థశిశువు ఆడో మగో చెప్పుటను నిషేధించెను. చెప్పుమని యడిగిన బంధువులకును శిక్ష గలదు.

అమెరికాలో 1973 నాటి తీర్పును 2022లో అచ్చటి సర్వోన్నత న్యాయస్థానమే కొట్టివేయగా, పలు రాష్ట్రములు గర్భస్రావమును నిషేధించెను. పిండమును ప్రాణమేయని వారందురు. నేనును తల్లినే; ఆ మాటను తేలికగా త్రోసివేయజాలను. కాని యచ్చట కనితీరవలెననువారును, ఇచ్చట ఆడుబిడ్డను కనరాదనువారును మోయుదాని మాట వినుట మఱచిరి.

మఱునాడు అత్తగారికి చట్టము చెప్పితిని. “ముగ్గురు ఆడపిల్లల తర్వాత వీడు పుట్టేదాక నేను పడ్డ మాటలు నీకేం తెలుసు?” అని యామెయు కంట తడిపెట్టెను. ఆమెనును నాడెవ్వరు నడుగలేదు!

పరీక్షకు పోవుట మానిరి. సోదరీమణులారా, చట్టము గ్రంథమున నున్నది; “నీ మాట యేమి?” యని కోడలి నడుగువారు గృహమున నుండవలెను.