గదిలో పట్టని ఖరగ్‌పూర్
రైల్వే క్వార్టర్‌లో ఏది కట్టినా ఏదో ఒకరోజు విప్పాల్సిందే. పాత బొమ్మ రైలు లేఅవుట్ కొనేవారికి ఓల్డ్ సెటిల్‌మెంట్ నేర్పే పాఠం ఇదే

ఖరగ్‌పూర్ స్టేషన్ ప్లాట్‌ఫారం పొడవు 1,072.5 మీటర్లు. పోటీ పరీక్షలకు చదివిన ఓ తరానికి ఈ అంకె కంఠతా వచ్చు. 2013లో గోరఖ్‌పూర్ 1,366 మీటర్లతో రికార్డును లాగేసుకుంది. 2023లో హుబ్బళ్లి 1,507 మీటర్లతో గోరఖ్‌పూర్‌నూ దాటేసింది. రికార్డు చేతులు మారినా ప్లాట్‌ఫారం మాత్రం కురచ కాలేదు. కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ దిగి, పెట్టె పట్టుకుని ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచినవారికి ఆ సంగతి బాగా తెలుసు.

ఇదే ప్లాట్‌ఫారాన్ని బొమ్మగా చేయాలంటే? నమూనా రైళ్ల అభిరుచి ఉన్నవారిలో ఎక్కువమంది వాడే కొలత హెచ్‌ఓ. అంటే అసలులో 87వ వంతు. ఆ లెక్కన ప్లాట్‌ఫారం ఒక్కటే 12.3 మీటర్లు, అంటే నలభై అడుగులు. 160వ వంతుకు కుదించే ఎన్ స్కేల్‌లో చూసినా దాదాపు 22 అడుగులు ఉంటుంది. మామూలు రైల్వే క్వార్టర్‌లో గోడలు పడగొడితే తప్ప ఇది పట్టదు. ఇక పట్టాల సంగతి. 2017 నవంబర్‌లో ఇక్కడ మొదలుపెట్టిన ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ వ్యవస్థ ఏకంగా 800 రూట్లను నడిపిస్తుంది. మామూలు బొమ్మ రైలు ఏదీ ఆ దరిదాపులకు రాదు.

అందుకే నమూనా కట్టేవారు స్టేషన్ మొత్తం జోలికి పోరు. ఓ మూలను ఎంచుకుంటారు. ఖరగ్‌పూర్‌లో అలాంటి మూల కావాలంటే ఓల్డ్ సెటిల్‌మెంట్‌ను మించింది లేదు.

బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే 1887లో పుట్టిన కంపెనీ. ఖరగ్‌పూర్‌ను జంక్షన్‌గా ఎంచుకుని, పక్కనే వర్క్‌షాపు పెట్టి, పనివారి కోసం కాలనీలు కట్టింది. ఓల్డ్ సెటిల్‌మెంట్, న్యూ సెటిల్‌మెంట్, ట్రాఫిక్, మథురాకాటి, నింపురా... పేర్లు చూస్తేనే ఊరు తనంత తానుగా పెరిగింది కాదని, కాగితం మీద గీసి కట్టిందని తెలిసిపోతుంది. హోదాను బట్టి ఇల్లు, ఇంటిని బట్టి వీధి. లేఅవుట్ అనగానే తెలుగువారికి ముందు గుర్తొచ్చేది ప్లాట్ల వ్యాపారం. నమూనా రైళ్లవారికి అదే మాటకు అర్థం బల్ల మీద పరిచిన పట్టాలు, స్టేషన్లు, ఊళ్లు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌కు రెండర్థాలూ సరిపోతాయి.

తెలుగువారు ఇక్కడికి వచ్చింది కూడా పట్టాల మీదుగానే. తూర్పు కోస్తా రైలు మార్గంలో ఉత్తర భాగం, అంటే వాల్తేరు దాకా ఉన్నది, 1902లో బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే చేతికి వచ్చింది. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల వారికి ఖరగ్‌పూర్ వర్క్‌షాపు ఒకే కంపెనీలో ఉద్యోగం దొరికే చోటు అయింది. 1944లో కంపెనీ ప్రభుత్వపరమైంది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడింది. వాల్తేరు డివిజన్ 2003 దాకా ఆ రైల్వేలోనే కొనసాగింది. వందేళ్ల ఈ రాకపోకల ఫలితంగా ఖరగ్‌పూర్ వీధుల్లో ఉత్తరాంధ్ర యాస స్థిరపడింది. ఎండాకాలం ముందు అమ్మవారికి చేసే మాతాపూజ ఊరి పండుగల్లో ఒకటైంది. 2020 డిసెంబర్‌లో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించినప్పుడు అందరి నోటా వినిపించిన ఊరి పేరు ఖరగ్‌పూరే.

భాష స్థిరపడినా ఇల్లు మాత్రం ఎవరిదీ కాదు. రైల్వే క్వార్టర్ రైల్వేదే. ఉద్యోగి పదవీ విరమణ చేస్తే మామూలు అద్దెతో నాలుగు నెలలు ఉండొచ్చు. చదువులు, అనారోగ్యం లాంటి కారణాలు చూపితే రెట్టింపు అద్దెతో మరో నాలుగు నెలలు. ముప్పయ్యేళ్ల కాపురాన్ని సర్దుకోవడానికి దొరికే గడువు అంతే. మంచాలు, బీరువాలు లారీ ఎక్కుతాయి. మామిడి చెట్టు ఎక్కదు.

గది నిండా కట్టిన పెద్ద లేఅవుట్‌ది ఈ రెంటికీ మధ్య పరిస్థితి. అది సామానూ కాదు, చెట్టూ కాదు. దాన్ని కట్టినవారు ఇల్లు మారినా, వయసు మీదపడినా, కాలం చేసినా అమ్మకానికి వస్తుంది. మన దేశంలో ఇలాంటి పాత సరుకుకు గిరాకీ ఉండటానికి బలమైన కారణమే ఉంది. మార్‌క్లిన్, హార్న్‌బీ, బాక్‌మన్ వంటి కంపెనీల ఇంజన్లన్నీ దిగుమతి సరుకే. బొమ్మల మీద కస్టమ్స్ సుంకం 2020లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెరిగింది. స్కేలు ప్రకారం చేసిన నమూనాలు కూడా ఆ పద్దు కిందికే వస్తాయి. కొత్తది తెప్పించుకోలేనివారి చూపు సహజంగానే పాతదానిపై పడుతుంది.

బేరం దగ్గరే మొదటి చిక్కు. అమ్మేవారు ఏళ్ల శ్రమకు వెల కడతారు. కొనేవారు ఇంజన్లకు, బోగీలకు, కంట్రోలర్‌కు వెల కడతారు. ఎందుకంటే మళ్లీ అమ్ముకోగలిగేవి అవే. కొండలు, సొరంగాలు, చెట్లు, చెక్క బల్లలు... చూడగానే మనసు దోచేవన్నీ బజారులో దాదాపు ఉచితం కిందే లెక్క. ఇద్దరిలో ఎవరిదీ తప్పు లేదు. ఒకరు ఊరిని అమ్ముతున్నారు, మరొకరు రైళ్లను కొంటున్నారు.

పెద్ద లేఅవుట్ కొనేవారు ముందు చూడాల్సింది రైళ్లను కాదు, తలుపును. నాలుగడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల పొడవున్న ప్లైవుడ్ బల్లను పక్కకు తిప్పి తలుపు దాటించవచ్చు. దాని మీద ఎత్తయిన కొండ ఉంటే దాటడం కష్టం. తలుపు దాటినా బండి సంగతి మిగిలే ఉంటుంది. ఛోటా హాథీ అని అందరూ పిలిచే టాటా ఏస్ తొట్టి పొడవు దాదాపు ఏడడుగులే. తర్వాత బల్ల కిందకు వంగి చూడాలి. బెంగాల్ ఉక్కపోతకు ప్లైవుడ్ ఉబ్బిందా, చెదలు పట్టాయా అన్నది అక్కడే తెలుస్తుంది. పట్టాలు ఇత్తడివైతే త్వరగా మసిబారి కరెంటు అందదు, నికెల్ సిల్వర్‌వైతే కొంత నయం. అన్నిటికన్నా ముఖ్యం వైర్లు. ఏ వైరు ఏ పాయింటుకు వెళ్తుందో రాసిన పటం లేకపోతే ఆ లేఅవుట్‌ను కొత్తగా కట్టడమే తేలిక.

విప్పే పనికి ఓ క్రమం ఉంది. రైలు నడుస్తుండగానే అన్ని వైపుల నుంచీ ఫొటోలు తీయాలి. ఇంజన్లు, బోగీలను ఒక్కోదాన్నీ విడిగా చుట్టి పెట్టెల్లో సర్దాలి. ఊడివచ్చే భవనాలను తీసేయాలి. ప్రతి వైరుకూ కోయబోయే చోటుకు రెండు వైపులా ఒకే నంబరు అంటించాలి. రెండు బల్లలు కలిసేచోట పట్టాలను చిన్న రాపిడి చక్రంతో కోయాలి. గుంజితే బల్లకున్న పట్టా మొత్తం లేచొస్తుంది. చివరగా ఒకే కొలత ఉన్న రెండు బల్లలను ఎదురెదురుగా నిలిపి, రెండు చివర్లా ప్లైవుడ్ పలకలతో బిగిస్తే మధ్యలో కొండలు, ఇళ్లు నలగకుండా పెట్టెలో ఉన్నట్టు ఉంటాయి. బోల్టులతో బిగించిన లేఅవుట్‌కు ఒకటి రెండు రోజుల్లో పని తెములుతుంది. మేకులు, జిగురుతో కట్టినదానికి రంపమే దిక్కు.

ఈ తేడా ఎంత దూరం తీసుకెళ్తుందో చరిత్ర చెబుతుంది. ఇంగ్లండ్‌లో జాన్ అహెర్న్ ఇంట్లో కట్టుకున్న మ్యాడర్ వ్యాలీ లేఅవుట్, ఆయన 1961లో కన్నుమూశాక ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లోని పెండన్ మ్యూజియానికి చేరింది. ఆయన లేకపోయినా ఆయన ఊరు మిగిలింది. అమెరికాలో జాన్ అలెన్ కాలిఫోర్నియాలోని తన ఇంటి నేలమాళిగలో గోరీ అండ్ డిఫీటెడ్ అనే లేఅవుట్ కట్టారు. నేల నుంచి పైకప్పు దాకా కొండలు లేపిన ఆ నమూనాకు ప్రపంచమంతటా పేరొచ్చింది. 1973 జనవరిలో అలెన్ మరణించారు. మరో పది రోజులకు అగ్నిప్రమాదంలో లేఅవుట్‌లో చాలా భాగం కాలిపోయింది. మిగిలింది ప్రధానంగా ఆయన తీసుకున్న ఫొటోలే. మన దేశంలో పుణె వాసి భావు జోషి ముందు ఊళ్లు తిప్పే నమూనా కట్టి ప్రదర్శించారు. తర్వాత దానికో శాశ్వత చిరునామా కావాలనుకున్నారు. 1998లో తెరిచిన జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం అలా వచ్చిందే.

మ్యూజియం అందరికీ సాధ్యం కాదు. క్వార్టర్‌లో ఉండేవారికి అసలే కాదు. కానీ పోక తప్పదని మొదటి రోజే తెలిసినవారికి ఓ సౌలభ్యం ఉంది. వారు తలుపు కొలత చూసి బల్ల కోయగలరు. మేకుకు బదులు బోల్టు వేయగలరు. వైర్ల పటాన్ని ఓ నోటుపుస్తకంలో గీసి బల్ల కిందే వేలాడదీయగలరు. సొంతింట్లో ఉన్నవారికి సాధారణంగా ఈ ఆలోచన రాదు. వచ్చేసరికి విప్పేది మరొకరవుతారు.

ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో తెలుగు కుటుంబాలు తరాలుగా చేసిందీ ఇదే. ఇల్లు తమది కాదని తెలిసే కాపురం పెట్టాయి. క్వార్టర్ వదిలిన కొందరు సొంత జిల్లాలకు తిరిగివెళ్లారు. కొందరు ఆ ఊళ్లోనే మరో పేటలో ఇల్లు చూసుకున్నారు. వెంట తీసుకెళ్లగలిగిన భాషను, పండుగను, వంటను తీసుకెళ్లారు. లేఅవుట్ కొనడానికి వెళ్లేవారు రంపం, పెట్టెలు, బండి అన్నీ సిద్ధం చేసుకుంటారు. వాటితోపాటు కట్టినవారిని ఓ పూట కూర్చోబెట్టుకుని ఏ ఊరు ఎందుకు ఎక్కడ పెట్టారో అడిగి రాసుకోవడం మంచిది. బండిలో చోటు ఆక్రమించని సామాను అదొక్కటే. అది లేకుండా ఇంటికి చేరేవి పట్టాలు, చెక్కముక్కలే.