పిన్ను తీసినవా బిడ్డా?

హసన్‌పర్తిలో ఆ ఇంట్లో దీపాలార్పే ముందు ఓ పని తప్పనిసరి. గ్యాస్ రెగ్యులేటర్ ఆపిందో లేదో అమ్మ ఇంకోసారి చూసుకుంటుంది. అలాంటి అమ్మకి, ఇంజినీరింగ్ చదివే కొడుకు ‘బాహా పోటీకి బండి తయారుచేస్తున్నాం’ అని చెబితే సంతోషం సగమే. మిగతా సగం ఒకటే ప్రశ్న... ‘పెట్రోలు బండి గదా, అంటుకుంటే ఎట్లరా?’

సీటు పక్కన బిగించిన ఎర్ర సిలిండర్ ఫొటో చూపించాడు. ఆవిడకి చాల్లేదు. దాంతో అసలైన రేసు కార్ల సంగతి ఎత్తుకున్నాడు.

వాటిలో సిలిండర్ నుంచి సన్నటి గొట్టాలు ఇంజిన్ దగ్గరికీ డ్రైవర్ దగ్గరికీ వెళ్తాయి. చివర్లో నాజిళ్లు. బెల్టు బిగించుకుని కూర్చున్న డ్రైవర్ చేతికందేలా ఓ మీట. అతను స్పృహ తప్పితే? అందుకే కారు బయటా ఇంకోటి. కంగారులో వెతుక్కోకుండా అక్కడ తెల్లటి గుండ్రంలో ఎర్రటి ‘ఈ’ అనే ఇంగ్లిషు అక్షరం. కారు తలకిందులైనా ఇదంతా పనిచేయాల్సిందే.

తలకిందులవడం ఊహ కాదు. 1973 జులై 29న నెదర్లాండ్స్‌లోని జాండ్‌వూర్ట్‌లో రోజర్ విలియమ్సన్ కారు తిరగబడి అంటుకుంది. పాతికేళ్ల కుర్రాడు, అతనికది రెండో ఫార్ములా వన్ రేసు. తోటి డ్రైవర్ డేవిడ్ పర్లీ తన కారాపి పరుగెత్తాడు. ఒక్కడే ఆ కారుని ఎత్తబోయాడు. కుదర్లేదు. అగ్నిమాపక సిలిండర్ తెచ్చి చల్లాడు, అదీ అయిపోయింది. పక్కనుంచి మిగతా కార్లు దూసుకుపోతూనే ఉన్నాయి. విలియమ్సన్ దక్కలేదు. పర్లీకి తర్వాత జార్జ్ మెడల్ ఇచ్చారు.

అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది, ‘మరి ఆ సిలిండర్ల మందు ఉన్నదో లేదో ఎవరు చూస్తరు?’

గ్యాస్ బండ ఎత్తిచూసి ఎన్నాళ్లొస్తుందో చెప్పే మనిషి కదా, అసలు చోటే పట్టుకుంది! బిగించడం ఒక్కరోజు పని. చూసుకోవడమే ఎప్పటికీ ఉండే పని. రెండేళ్లకోసారి తనిఖీ చేయించి తేదీ వేయించాలన్నది అంతర్జాతీయ ఆటోమొబైల్ సమాఖ్య నిబంధన. అంతవరకూ ఊరుకోకూడదు. ప్రెజర్ ముల్లు పచ్చగీతలో ఉండాలి. నాజిళ్లలో దుమ్ము చేరకూడదు. బటన్‌తో పనిచేసేదైతే బ్యాటరీ చూడాలి. అన్నిటికన్నా తేలిగ్గా మరిచిపోయేది సేఫ్టీ పిన్ను. కారు షెడ్డులో ఉన్నప్పుడు పొరపాటున పేలకుండా పెట్టే ఆ పిన్ను రేసుకి ముందు తీయకపోతే, మీట ఎంత లాగినా లాభంలేదు.

బండితో పీతంపూర్ వెళ్లిన కొడుక్కి పోటీ రోజు పొద్దున్నే ఫోనొచ్చింది.

‘పిన్ను తీసినవా బిడ్డా?’

‘అమ్మా, మనది చేత్తో కొట్టేది. దీనికి వాడేటప్పుడే తీయాలె!’

‘అట్లనా. మరి దాన్ని కట్టిన పట్టీ గట్టిగున్నదా?’

‘ఆగు’ అంటూ సీటు పక్కకి వంగాడు.