జామెట్రీ బాక్సు లేని లెక్కలు

మొన్న మన సంఘం వనభోజనాల నాడు వాన పట్టుకున్న సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. పులిహోర గిన్నెలతో సహా అందరం రేకుల కప్పు కింద చేరాం. అప్పుడు మా అబ్బాయి మిగిలిపోయిన కార్యక్రమ పత్రాలన్నీ పోగుచేసి చిన్నపిల్లలకు పడవలు చేసిపెట్టాడు. "ఇదంతా ఎక్కడ నేర్చాడండీ? ఏదైనా క్లాసుకి పంపిస్తున్నారా?" అని ఇద్దరు ముగ్గురు అడిగారు. అప్పటికి నవ్వి ఊరుకున్నాను. అసలు సమాధానం కాస్త పొడుగు. అందుకని ఇక్కడ వ్రాస్తున్నాను.

నేర్పింది మా నాన్నగారు. కృష్ణా జిల్లాలో ఒక హైస్కూల్లో లెక్కల మాస్టారుగా చేసి రిటైరయ్యారు. మేము అయిదుగురు పిల్లలం. నేను ఎనిమిదో తరగతిలోకి వచ్చినప్పుడు క్లాసులో అందరి దగ్గరా జామెట్రీ బాక్సు ఉండేది, నాకు తప్ప. అడిగితే నాన్నగారు పాత పరీక్ష కాగితం ఒకటి తీసి నలుచదరంగా చింపారు. ఒక అంచు మీదికి ఇంకో అంచు తెచ్చి మడిచారు. కోణం సరిగ్గా సగమైంది. మధ్య గీత మడిచి, ఒక మూలను ఆ గీత మీదికి తెచ్చారు; అరవై డిగ్రీలు వచ్చాయి. "కాంపాసు లేకపోతే లెక్క ఆగదురా" అన్నారు.

లెక్క ఆగలేదు గాని నా పరువు పోయింది. "మాస్టారి కొడుకువి, నీకు బాక్సు లేదేమిట్రా?" అని తోటివాళ్ళు వెక్కిరించారు. కాలేజీలో స్కాలర్‌షిప్పు డబ్బు చేతికందగానే నేను కొన్న మొదటి వస్తువు జామెట్రీ బాక్సు. అప్పటికి దానితో నాకు పని లేదు. అయినా అది ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

2021 నవంబరులో ప్రయాణాలకు మళ్ళీ దారి తెరుచుకోగానే నాన్నగారిని తీసుకువచ్చాం. అమ్మ పోయాక ఆయన ఒంటరిగా ఉంటున్నారు. మా అబ్బాయికి అప్పుడు ఎనిమిదేళ్ళు. మన పిల్లలందరి లాగే వాడికీ తెలుగు అర్థమవుతుంది, నోరు మాత్రం పెగలదు. నాన్నగారి ఇంగ్లీషు నల్లబల్ల ముందు చెప్పే ఇంగ్లీషు. వీడి యాస ఆయనకు అందదు. మొదటి వారం తాతా మనవలు సోఫాకి చెరో చివర కూర్చున్నారు.

రోజూ పోస్టులో వచ్చే ప్రకటనల కాగితాలను మేము చూడకుండానే పారేస్తుంటే ఆయన ప్రాణం ఒప్పలేదు. "నిక్షేపంలాంటి కాగితం!" అని ఒకటి తీసి కత్తిపడవ చేశారు. మావాడు కళ్ళు పెద్దవి చేసి "ఒరిగామి!" అన్నాడు. "ఒరిగామీ లేదు, ఏమీ లేదు. ఇది కత్తిపడవ" అన్నారు ఆయన. జపాను భాషలో 'ఒరి' అంటే మడత, 'కామి' అంటే కాగితం అని మావాడు లైబ్రరీ పుస్తకం తెచ్చి చూపించాడు. నాన్నగారు తగ్గలేదు. "మద్రాసులో సుందర రావు గారు వ్రాసిన పుస్తకం ఉందేమో చూడమను" అన్నారు.

నాకూ అది కొత్త సంగతే. టి. సుందర రావు గారు మద్రాసు ప్రెసిడెన్సీలో రెవెన్యూ శాఖ ఉద్యోగి. 1893లో మద్రాసులో 'జామెట్రిక్ ఎక్సర్‌సైజెస్ ఇన్ పేపర్ ఫోల్డింగ్' అనే పుస్తకం అచ్చు వేయించారు. కిండర్‌గార్టెన్ పిల్లల కాగితం మడతల ఆట చూసి ఆయనకు ఈ ఆలోచన వచ్చిందట. చతురస్రం, త్రిభుజం, పంచభుజి, షడ్భుజి, ఇలా ఒక్కొక్కటీ ఉత్త మడతలతోనే సాధించారు. జర్మనీలో ఫెలిక్స్ క్లైన్ అంతటి గణితవేత్త తన పుస్తకంలో దీనిని ప్రస్తావించగా, అది చూసి ఇద్దరు అమెరికను ప్రొఫెసర్లు 1901లో చికాగోలో మళ్ళీ అచ్చు వేయించారు. మా లైబ్రరీలో దాని పునర్ముద్రణ దొరికింది. మనవడు ఇంగ్లీషులో చదవడం, తాతగారు మడవడం, మధ్యలో "ఊఁ, అంచు కలపరా" అనడం. సోఫా మీద ఎడం తగ్గిపోయింది.

ఆ డిసెంబరు 25 ఉదయం ముగ్గురం టీవీ ముందు కూర్చుని జేమ్స్ వెబ్ టెలిస్కోపు ప్రయోగం చూశాం. దాని పెద్ద అద్దం వెడల్పు 6.5 మీటర్లు. తీసుకువెళ్ళే రాకెట్టు ముక్కు వ్యాసం 5.4 మీటర్లే. అందుకని 18 షడ్భుజాల అద్దాలను ఒక చట్రంలో అమర్చి, రెండు పక్కలా తలుపు రెక్కల్లాగా మడిచారు. ఎండ తగలకుండా కట్టిన గొడుగు దాదాపు 21 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు. వెంట్రుకంత పల్చని పొరలు అయిదు. అవన్నీ మడతపడి, దారిలో ఒక్కొక్కటే విచ్చుకోవాలి. గొడుగు పొరలు విడిపోవడానికే 107 చోట్ల పట్టు వదలాలి. ఒక్కటి బిగుసుకున్నా 15 లక్షల కిలోమీటర్ల దూరానికి మనిషి వెళ్ళి సరిచేసే వీలు లేదు. నాన్నగారు అంతా విని, "మీ అమ్మ ట్రంకు పెట్టెలో పట్టుచీరలు సర్దినట్టు సర్దారన్నమాట" అన్నారు. తరవాత కాసేపు ఏమీ మాట్లాడలేదు. జనవరి 8న చివరి రెక్క తెరుచుకున్నదాకా రోజూ పొద్దున్నే "ఇవాళ ఏం విప్పారు?" అని అడిగేవారు.

ఆ రోజుల్లోనే మావాడు ఆయనకు మియురా మడత నేర్పాడు. కోర్యో మియురా గారు జపాను అంతరిక్ష శాస్త్రవేత్త. మామూలు మ్యాపును మనం అడ్డంగా, నిలువుగా మడుస్తాం. విప్పాలంటే వరస తప్పకూడదు, మడతలు కలిసేచోట చిరుగుతుంది. మియురా గారు నిలువు మడతలను కొంచెం ఏటవాలుగా, వంకర టింకరగా వేశారు. ఎదురెదురు మూలలు రెండు పట్టుకుని లాగితే కాగితం మొత్తం ఒక్కసారే విచ్చుకుంటుంది. తోస్తే ఒక్కసారే మూసుకుంటుంది. 1995లో జపాను పంపిన స్పేస్ ఫ్లయర్ యూనిట్ అనే ఉపగ్రహంలో ఈ పద్ధతిలో మడిచిన సౌరఫలకాన్ని అంతరిక్షంలో విప్పి చూశారు. పైకి లేచేది కొండ మడత, లోపలికి పోయేది లోయ మడత. నాలుగు మడతలు కలిసే చోట మూడు కొండలైతే ఒకటి లోయ, మూడు లోయలైతే ఒకటి కొండ. కాగితం చదునుగా మడతపడాలంటే ఇంకో దారి లేదు. నాన్నగారు ఆ ముక్క నమ్మక, కళ్ళజోడు పెట్టుకుని ప్రతి కూడలీ లెక్కపెట్టుకున్నారు.

ఫిబ్రవరిలో ఒక రాత్రి ఆయనకు గుండెనొప్పి వచ్చింది. విజిటర్ల ఇన్సూరెన్సు సంగతి ఇంకోసారి వ్రాస్తాను, అదొక భారతం. గుండె రక్తనాళంలో అడ్డు ఉందనీ, మణికట్టు దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి స్టెంటు వేస్తామనీ డాక్టరు గారు చెప్పి, నమూనా ఒకటి చూపించారు. గొట్టం కొసన ఒక బెలూను, కుచ్చిళ్ళు పెట్టినట్టు రెక్కలు రెక్కలుగా మడిచి గొట్టానికి చుట్టి ఉంది. దాని మీద అదిమిపెట్టిన లోహపు జాలీయే స్టెంటు. లోపలికి వెళ్ళాక బెలూనును ఉబ్బిస్తే మడతలు విప్పుకుని, జాలీని నాళం గోడలకు అదుముతుంది. తరవాత బెలూను బయటికి వస్తుంది, జాలీ అక్కడే ఉంటుంది. అంత నొప్పిలోనూ నాన్నగారు నమూనాను కళ్ళ దగ్గర పెట్టుకుని, "కొండలూ లోయలూ సరిగ్గా వేశారు" అన్నారు. ఆ బెలూను తెరుచుకునేదాకా బయట కుర్చీలో నేను ఎలా కూర్చున్నానో నాకే తెలుసు.

మర్నాడు ఆయనను చూడబోతూ, మావాడు ఇచ్చిన కాగితం తీసుకువెళ్ళాను. పిల్లలను లోపలికి రానివ్వరు. దాని మీద ఒక కోణం, మూడు సమాన భాగాలుగా మడిచి ఉంది. కోణాన్ని మూడు సమభాగాలు చేయడం స్కేలుతో, కాంపాసుతో సాధ్యం కాదని 1837లోనే రుజువైంది. కాని మడతతో అవుతుంది. సుందర రావు గారి పుస్తకం వచ్చిన 43 ఏళ్ళకు, 1936లో, ఇటలీలో మార్గెరీటా బెలోక్ అనే గణితవేత్త మడతలకున్న ఈ శక్తిని బయటపెట్టారు. తరవాత జపానులో హిసాషీ ఆబే గారు చూపించిన పద్ధతి ఇది. మీరూ చేసి చూడండి. నలుచదరం కాగితంలో ఎడమ కింది మూల నుంచి ఏటవాలుగా ఒక గీత మడవండి. కింది అంచుకూ దానికీ మధ్యది మన కోణం. ఎడమ అంచు మీద ఆ మూల నుంచి సమాన దూరాల్లో రెండు గుర్తులు పెట్టండి. మొదటి గుర్తు నుంచి అడ్డంగా ఒక మడత వేసి విప్పండి. ఇప్పుడు రెండో గుర్తు ఏటవాలు గీత మీద, మూల అడ్డ మడత మీద ఒకేసారి పడేటట్టు కాగితం మడవండి. మూల పడినచోట, మొదటి గుర్తు పడినచోట చుక్కలు పెట్టి, వాటిని మూలకు కలపండి. కోణం మూడు సమభాగాలు అవుతుంది.

నాన్నగారు దానిని చాలాసేపు తిప్పి తిప్పి చూశారు. తరవాత నా మొహం చూడకుండా అన్నారు: "ఆ ఏడు నీకు బాక్సు కొనలేకపోయానురా. లేదని చెప్పడానికి మొహం చెల్లక మడతలు నేర్పాను."

అన్నేళ్ళూ ఆ మాట నేనొక్కడినే మోస్తున్నాననుకున్నాను. ఏం చెప్పాలో తోచలేదు. "బాక్సు ఉన్నా ఇది వచ్చేది కాదు నాన్నగారూ" అన్నాను. ఓదార్పుకి అన్నమాట కాదది, గణితశాస్త్రం ఒప్పుకున్న మాట. ఆయన నవ్వి కాగితాన్ని దిండు కింద పెట్టుకున్నారు.

ఏప్రిల్లో ఆయన ఇండియాకి తిరిగి వెళ్ళారు. ఆదివారం పొద్దున్న తాతా మనవలు ఫోనులో ఒకరికొకరు చూపించుకుంటూ మడుస్తారు. మడత, అంచు, మూల, విప్పు, తిప్పు, "తాతగారూ, కలిసిందా?": మావాడి నోట్లోంచి తడుముకోకుండా వచ్చే తెలుగు చాలావరకు ఇదే. మేము ఎన్ని పాఠాలు చెప్పినా రానిది ఆ దారిన వచ్చింది.

మీ ఇళ్ళకీ ఈ వేసవిలో పెద్దవాళ్ళు వస్తున్నారని విన్నాను. వాళ్ళకీ పిల్లలకీ మాటలు కలవకపోతే, బల్ల మీద నాలుగు కాగితాలు పెట్టి మీరు పక్కకు తప్పుకోండి. వేరే కాగితం కొననక్కరలేదు. పడవకి నలుచదరం కూడా అవసరం లేదు. మీరు చదవడం అయిపోయిన ఈ పేజీ సరిపోతుంది.