కళ్లు మూసుకుని కొన్న గిటారు!

తెర మీద హీరోగారు ఎలక్ట్రిక్ గిటారు మెడలో వేసుకుని కొండెక్కి పాడేస్తుంటే, ఎప్పుడైనా గమనించారా? ఆ గిటారుకి వైరుండదు! కొండ మీద కరెంటూ ఉండదు. అయినా అది మోగుతుంది, మనం ఈల వేస్తాం.

అలా ఈల వేసినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఫలితం? డిగ్రీ అయిపోగానే జగ్గయ్యపేటలో బస్సెక్కి విజయవాడ వెళ్లి, ఎర్రగా నిగనిగలాడే గిటారొకటి కొనుక్కొచ్చాను. అద్దం ముందు నిలబడితే అచ్చం హీరోనే! వాయించబోతే తెలిసింది అసలు కష్టం. తీగలు మెట్లకి మరీ ఎత్తున ఉన్నాయి. గట్టిగా నొక్కితే వేళ్లకి బొబ్బలు. నెక్కు లావు, నా చెయ్యి చిన్నది. ‘మనకి సంగీతం రాదులే’ అనుకుని దాన్ని అటకెక్కించాను. పన్నెండేళ్లు!

మొన్న నందిగామ నుంచి మేనల్లుడి ఫోను. “మావయ్యా, గిటారు కొనుక్కుంటా. తోడు రావా?” పెళ్లిళ్లలో సౌండు బాక్సులు మోసి రెండు సీజన్లు దాచిన డబ్బు వాడిది. నాది ఇచ్చేద్దును గానీ, నా బొబ్బలు వాడికెందుకు?

నందిగామలో వాడూ బస్సెక్కాడు. కీసర దగ్గర మున్నేరు దాటుతుండగా మాండొలిన్ శ్రీనివాస్ గారి సంగతి ఎత్తాను. 1969లో పాలకొల్లులో పుట్టిన ఆయన, 1978లో మన గుడివాడ త్యాగరాజ ఆరాధనలో తొలి కచేరీ చేశారు. మామూలు మాండొలిన్‌కి ఎనిమిది తీగలు, జంటలు జంటలుగా. మీటిన నాదం ఇట్టే ఆగిపోతుంది. జంట తీగల్ని లాగి గమకం పలికించడం కష్టం. అందుకే ఆయన ఒంటి తీగలు అయిదున్న ఎలక్ట్రిక్ మాండొలిన్ చేపట్టారు. చేతికీ పాటకీ ఏది నప్పుతుందో చూసుకున్నారు, అంతే!

దుకాణంలో మావాడి కళ్లూ ఎర్ర గిటారు మీదే! “కళ్లు మూసుకో. ప్లగ్గు పెట్టకు. ఒడిలో పెట్టుకుని ఒక్కో మెట్టూ నొక్కి చూడు” అన్నాను. కొన్ని పొడవు, కొన్ని పొట్టి. ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌లో తీగ పొడవు 25.5 అంగుళాలు, గిబ్సన్ లెస్ పాల్‌లో సుమారు 24.75. మన జేబుకి అందేవి ఈ నమూనాల్లో వచ్చే చౌక రకాలు. ముప్పాతిక అంగుళమే తేడా అయినా, పొట్టి దాంట్లో మెట్లు దగ్గరగా ఉంటాయి, తీగ కాస్త మెత్తగా లొంగుతుంది.

నాలుగోది ఒళ్లోకి రాగానే వాడి మొహం విచ్చుకుంది. పది నిమిషాలు వదల్లేదు. కళ్లు తెరవకుండానే అడిగాడు, “ఏం రంగు మావయ్యా?”

“కాఫీ రంగు.”

“పోన్లే... ఇదే!”

డబ్బు కడుతుంటే, నా పాత గిటారు గోడు మెకానిక్‌తో చెప్పుకున్నాను. “తీగల ఎత్తా? స్క్రూలు తిప్పి దించేయొచ్చండీ. పావుగంట పని. నెక్కు లావంటే మాత్రం ఏం చెయ్యలేం” అన్నాడు.

పావుగంట పని! దానికి పన్నెండేళ్లు నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంటికొచ్చి అటక మీది ఎర్ర గిటారు దించి, దుమ్ము తుడిచి, మర్నాడే తీసుకెళ్లి తీగలు దించించాను. నెక్కు ఇప్పటికీ లావే. వేళ్లు మాత్రం మెల్లగా దారికొస్తున్నాయి. ఈసారి అద్దం ముందు నిలబడలేదు లెండి... కుర్చీలో కూర్చున్నాను!