హకీంపేట దారిలో... ప్రాణాలు కాపాడే కుర్చీ

ఖమ్మం నుంచి సత్తుపల్లి వెళ్లేవాళ్లకి తల్లాడ బాగా తెలిసిన ఊరే. వైరా దాటాక వస్తుంది. ఇక్కణ్నుంచి ఏన్కూరు మీదుగా కొత్తగూడెం వైపు ఓ రోడ్డు చీలుతుంది. అటు పోయేకొద్దీ చేలు తగ్గి అడవి పలకరిస్తుంది. నా ప్రయాణం మాత్రం ఇటువైపు, హైదరాబాద్‌కి.

సెంటర్లో టీ తాగుతుంటే, మనవణ్ని ఎయిర్‌ఫోర్సులో చేర్చాలనుకుంటున్న ఓ పెద్దాయన అడిగాడు. "హకీంపేట పోతున్నావంట గదా బాబూ! ఇమానం చెడిపోతే పిల్లగాళ్లు తలుపు తీసుకుని దూకుతారా?"

"లేదు తాతా, కుర్చీయే వాళ్లని బయటికి విసిరేస్తుంది" అన్నాను. నమ్మలేనట్టు నవ్వాడు.

సికింద్రాబాద్ నుంచి కరీంనగర్ వెళ్లే రాజీవ్ రహదారి పక్కనే హకీంపేట. ఏళ్ల తరబడి కిరణ్ శిక్షణ విమానాలు ఎగిరింది ఇక్కణ్నుంచే. వాటిలో ఉండేది బ్రిటన్‌కి చెందిన మార్టిన్-బేకర్ సీటు. ఆ కంపెనీ సీటుని మొదటిసారి ఎగురుతున్న విమానంలోంచి మనిషితో పరీక్షించింది 1946 జులై 24న. కూర్చున్నది బెర్నార్డ్ లించ్ అనే ఉద్యోగి.

హ్యాండిల్ లాగగానే సీటు వెనక గొట్టంలో మందుగుండు పేలుతుంది. సీటు పైకి లేస్తుంది. చిన్న పారాచూట్ దాన్ని నిలకడగా ఉంచితే, తర్వాత పెద్దది విచ్చుకుంటుంది. అంతా కొన్ని సెకన్లే! ఆ కుదుపుకి వెన్నుపూస దెబ్బతినొచ్చు. అందుకే నిటారుగా కూర్చోవడం కూడా శిక్షణలో భాగమే. పాత సీట్లకి నేలమీద పనిచేయాలంటే విమానానికి కొంత వేగం కావాలి. కొత్తవి ఆగి ఉన్న విమానంలోంచీ కాపాడతాయి.

2017 సెప్టెంబరులో కీసర దగ్గర, 2018 నవంబరులో యాదాద్రి జిల్లాలో కిరణ్ విమానాలు కూలాయి. రెండుసార్లూ పైలట్లు సీటుతో బయటపడి బతికారు.

ఇప్పుడు మన దేశమూ సొంతంగా పరీక్షలు చేస్తోంది. 2025 డిసెంబరులో డీఆర్‌డీవో చండీగఢ్‌లో తేజస్ ముందుభాగాన్ని రాకెట్లతో పట్టాల మీద గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తించింది. లోపల మనిషికి బదులు, దెబ్బ ఎంత తగిలిందో కొలిచే పరికరాలున్న బొమ్మ.

కానీ 2023 డిసెంబరు 4న దుండిగల్ అకాడమీ నుంచి లేచిన పిలాటస్ విమానం తూప్రాన్ దగ్గర కూలినప్పుడు శిక్షకుడు, క్యాడెట్ ఇద్దరూ చనిపోయారు. కుర్చీ ఎంత గొప్పదైనా దానికీ కాస్త సమయం కావాలి. హకీంపేట మీద విమానం మోత వినబడితే తల ఎత్తి చూడండి. లోపల ఉన్నది ఇరవై ఏళ్ల కుర్రాడే కావచ్చు.